కన్కరెన్సు అను మాట

(సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రసంగమనగా నన్నయ తిక్కనలను గూర్చియో, త్యాగరాజస్వామిని గూర్చియో ఉండుట పరిపాటి. కార్యదర్శిగారు నన్ను విషయమేమని అడిగినప్పుడు ‘కన్కరెన్సు’ అని చెప్పితిని. వారు రెండు క్షణములు మౌనము వహించి, “ఆదివారము కూడ అదేనా!” అనిరి. అయినను కార్యక్రమ పత్రములో అచ్చు వేయించిరి.

నిజమునకు ఈ మాట మన యిండ్లలో ఎవరికిని కొత్తది కాదు. “నాన్నగారి ప్రమోషను ఏమైనది?” అని పిల్లలు అడుగుదురు. “పోస్టులు మంజూరు కావలెనట. ఫైలు ఫైనాన్సులో ఉన్నదట. కన్కరెన్సు రాలేదట” అని తల్లి చెప్పును. కన్కరెన్సు అనునది ఒక రైలుబండి యనియు, అది ఎప్పుడును ఆలస్యముగానే వచ్చుననియు ఆ పిల్లలకు తోచినచో వారిని తప్పు పట్టలేము. నిఘంటువు తెరచి చూచినచో ‘అంగీకారము’ అని యుండును. అంగీకారమే యైనచో ‘అగ్రిమెంటు’ అనరాదా? ‘కన్సెంటు’ అనరాదా? ‘అప్రూవల్’ అనరాదా? ఇన్ని మాటలు ఉండగా ప్రభుత్వము వారు ప్రత్యేకించి ఈ మాటనే ఏల పట్టుకొనిరి?

ఇది నిఘంటుకారుల వినోదము మాత్రమే యైనచో మీ ఆదివారమును పాడుచేసియుండను. ఈ మాటల నడుమనున్న తేడాను బట్టి ఒక గుమాస్తా జీతములో కోత పడవచ్చును. న్యాయమూర్తిని ఎన్నుకొను అధికారము ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవచ్చును. ఒక శాసనసభ వలదన్నను ఆ రాష్ట్రమే రెండు కావచ్చును. ఈ మూడును మన దేశమున జరిగినవే.

మొదట మాట పుట్టుక చూతము. లాటిను భాషలో ‘కుర్రెరె’ అనగా పరుగెత్తుట. తీగెలలో ప్రవహించు కరెంటు, చేతులు మారు కరెన్సీ, ఉత్తరము తెచ్చు కొరియరు, ఇవి యన్నియు ఆ పరుగు సంతానమే. దానికి ముందు ‘కూడ’ అను అర్థమిచ్చు ఉపసర్గ చేరి ‘కన్కర్’ అయినది. కనుక కన్కరెన్సు అనగా కూడి పరుగెత్తుట, వేర్వేరు దారుల వచ్చి ఒకచోట కలియుట. దీని పొరుగు మాటలకు పుట్టుక వేరు. ‘అగ్రీ’ అను మాటకు మూలములో ఇష్టము, ప్రీతి ఉన్నవి. ‘కన్సెంటు’నకు మూలములో ఉన్నది అనుభూతి, కూడి అనుభవించుట అని దాని యర్థము. అనగా ఒక మాటలో ప్రీతి, ఒక మాటలో మనసు, కన్కరెన్సులో మాత్రము కాళ్ళు. కన్కర్ చేయువానికి ఆ ప్రతిపాదన నచ్చవలెనను నియమము లేదు. తన త్రోవను తాను వచ్చి అదే గమ్యమును చేరిన చాలును.

ఇందులోనే అసలు కీలకమున్నది. కూడి పరుగెత్తవలెనన్నచో ఇద్దరికిని వారి వారి కాళ్ళు ఉండవలెను. ఒకని భుజముపై ఎక్కి వచ్చినవాడు కూడి పరుగెత్తినవాడు కాడు. కావుననే క్రిందివాడు పైవానికి కన్కర్ చేయుట యనునది లేదు. అతడు ఆజ్ఞను పాలించును. పైవాడు క్రిందివానికి కన్కర్ చేయడు. అతడు ఆమోదించును, లేదా మంజూరు చేయును. ఎవరి నిర్ణయము వారు చేయగల ఇద్దరి నడుమనే, అందులోను రెండవవాడు ‘కాదు’ అనగల సందర్భముననే, కన్కరెన్సు అను మాటకు చోటు. న్యాయస్థానములలో ఈ అర్థము తేటగా కనబడును. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో ఒకరు తీర్పు వ్రాయగా, ఇంకొకరు ఆ ఫలితముతో ఏకీభవించుచునే తమ కారణములను తాము వేరుగా వ్రాయుదురు. దానిని కన్కరింగ్ తీర్పు అందురు. కారణములు వేరు కావచ్చును, గమ్యము ఒకటి.

వాడుకలో ఒక చిన్న మర్యాద కలదు. మనిషితో కన్కర్ చేయునప్పుడు ఒక విభక్తి, ప్రతిపాదనకు కన్కర్ చేయునప్పుడు వేరొకటి. మొదటిదానికి ‘విత్’, రెండవదానికి ‘ఇన్’. మన సెక్షన్లలో కొత్తగా చేరిన అసిస్టెంటులు రెంటికిని ‘టు’ చేర్చి వ్రాయుట నేను చూచియున్నాను. పూర్వపు సూపరింటెండెంట్లు దానికి ఎఱ్ఱసిరా వాడెడివారు. ఈ దినములలో ఫైలే తెరపై నడచుచున్నది గనుక ఎఱ్ఱసిరాకు పని తగ్గినది. తప్పునకు తగ్గలేదు.

ఈ మాటకు అంగీకారముతో సంబంధములేని రెండవ అర్థమొకటి కలదు: ఏకకాలమున నడచుట. ఒక నేరస్థునకు ఒక నేరమునకు మూడేండ్లు, వేరొక నేరమునకు ఐదేండ్లు శిక్ష పడినదనుకొందము. ఒకదాని తరువాత ఒకటి అనుభవించుమన్నచో ఎనిమిదేండ్లు. రెండును కన్కరెంటుగా నడచుననిన ఐదేండ్లతో సరి. ఆ ఒక్క మాటలో మూడేండ్ల జీవితమున్నది. అట్లే బ్యాంకులలో కన్కరెంట్ ఆడిట్ అనగా లెక్కలు జరుగుచుండగానే జరుగు తనిఖీ, తనిఖీదారుల అంగీకారము కాదు. రాజ్యాంగములోని ఏడవ షెడ్యూలులో ఉన్న కన్కరెంట్ జాబితా కూడ ఈ కోవలోనిదే. కేంద్రమును, రాష్ట్రములును ఒకే విషయముపై చట్టములు చేయవచ్చునని దాని యర్థము. ఒకరి సమ్మతి ఒకరు పొందవలెనని కాదు. విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యమృగ పక్షి రక్షణ, న్యాయపాలన అను ఐదు విషయములను 1976లో 42వ సవరణముచే రాష్ట్రముల జాబితానుండి తీసి ఇందులో చేర్చిరి. తెలుగులో దీనిని ఉమ్మడి జాబితా అనుచున్నాము. ఆ యనువాదము చేసినవారికి నమస్కరింపవలెను. ఉమ్మడి కుటుంబములో అందరును మాటాడవచ్చును గాని, పేచీ వచ్చినప్పుడు చెల్లునది పెద్దవాని మాటయే. 254వ అధికరణము చెప్పునదియు సాధారణముగా ఇంతే.

ఇక మన కార్యాలయములకు వత్తము.

రాజ్యాంగములోని 77వ అధికరణమును అనుసరించి 1961లో కేంద్రప్రభుత్వ కార్యనిర్వహణ నియమములు వెలువడినవి. అందులో శాఖల నడుమ సంప్రదింపులను గూర్చిన భాగములో ఆర్థికశాఖ ప్రసక్తి వచ్చును. ప్రత్యేకముగా అధికారము దత్తము చేసిన సందర్భములు తప్ప, ఆదాయము వదలుకొనునట్టి ఉత్తర్వులను గాని, పోస్టుల సంఖ్యను, స్థాయిని, జీతభత్యములను గూర్చిన ఉత్తర్వులను గాని ఏ శాఖయు ఆర్థికశాఖ ముందస్తు కన్కరెన్సు లేక జారీ చేయరాదని దాని సారాంశము. ఆ నియమమున ‘సంప్రదించి’ అని వ్రాసియుండవచ్చును, వ్రాయలేదు. ‘తెలియజేసి’ అని వ్రాసియుండవచ్చును, వ్రాయలేదు. ఖర్చు పెట్టువాడు ఒకడు, తాళపుచెవి ఉన్నవాడు మరియొకడు. ఇద్దరును కలిసినగాని పెట్టె తెరువబడదు. ప్రతిపాదన చేసిన శాఖ ఎంత గొప్పదైనను ఆర్థికశాఖకు అధికారి కాదు. ఆర్థికశాఖయు ఆ శాఖకు అధికారి కాదు. అందుచేతనే అక్కడ ‘మంజూరు’ అనక ‘కన్కరెన్సు’ అనిరి. 1970ల నడుమ ఆయా మంత్రిత్వశాఖలలోనే ఆర్థిక సలహాదారులను కూర్చుండబెట్టిన పిదప ఫైలు నడచు దూరము తగ్గినది గాని మాట మారలేదు.

రైల్వేలలో పనిచేయు సోదరులకు ఇది మరింత బాగుగ తెలియును. 1924లో రైల్వే ఆర్థికమును సాధారణ ఆర్థికమునుండి వేరుచేసినది మొదలు, 2017లో రైల్వే బడ్జెటును మరల సాధారణ బడ్జెటులో కలిపిన తరువాత కూడ, అక్కడ ఫైనాన్సు కన్కరెన్సు అనునది నిత్యకర్మ వంటిది. వారికి ‘వెట్టింగు’ అని ఇంకొక మాట ఉన్నది. అంచనాలోని అంకెలు, లెక్కలు, నియమములు సరిగ నున్నవో లేవో చూచుట వెట్టింగు. ఆ పని చేయుట సబబే యని తానును తలయూపుట కన్కరెన్సు. కూడిక సరిపోయినంత మాత్రమున వంతెన అవసరమని ఋజువు కాదు గదా!

ఫైలుమీద కనబడు మాటలలో ‘చూచితిని’ అనునది ఒకటి కలదు. పెద్ద అధికారి ఆ ఒక్కమాట వ్రాసి సంతకము చేయును. క్రింది సెక్షనులో పండుగ. కాని చూచుట చూచుటయే, ఒప్పుకొనుట కాదు. ‘మాటాడుడు’ అని వ్రాసినచో అదియు అంతే. మాటాడి వచ్చిన తరువాత ఏమి తేలినదో ఫైలుమీద వ్రాయకపోయినచో, మూడేండ్ల తరువాత ఆడిట్ వారు వచ్చినప్పుడు ఆ మాటలు గాలిలో వెదకుకొనవలెను. ‘ఫలానివారితో సంప్రదించితిమి’ అని వ్రాసి, వారు ఒప్పుకొనిరో లేదో వ్రాయకుండుట మరియొక నేర్పు. ఆ వాక్యము అసత్యము కాదు. అదియే దాని ప్రమాదము.

అటువంటి వాక్యము పైకి పోయి, దానిపై ఉత్తర్వు వెలువడి, నూఱు మంది గుమాస్తాలకు ఒక ఇంక్రిమెంటు అదనముగా వచ్చినదనుకొందము. ఎనిమిదేండ్లు గడచును. ఆ సొమ్ముతో ఒకరు పిల్లకు పెండ్లి చేయుదురు, ఒకరు ఇల్లు కట్టుకొందురు. అప్పుడు ఆర్థికశాఖ కన్కరెన్సు లేదని అభ్యంతరము వచ్చును. ఇచ్చినది వెనుకకు కట్టుమందురు. తప్పు వ్రాసినవాడు ఎప్పుడో బదిలీయై పోయియుండును. కట్టవలసినవాడు ఏ తప్పును చేయని గుమాస్తా. ఇట్టి వసూళ్ళ విషయమున 2014 డిసెంబరు 18న పంజాబు రాష్ట్రమునకును రఫీక్ మసీహ్‌కును నడచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు కొన్ని హద్దులు గీచినది. మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగులనుండియు, పదవీ విరమణ చేసినవారినుండియు, ఒక సంవత్సరములోగా విరమింపనున్నవారినుండియు, ఐదేండ్లకు మించి పొరపాటుగా చెల్లింపు జరిగిన సందర్భములలోను, మరికొన్ని సందర్భములలోను వసూలు తగదని చెప్పెను. 2016 మార్చి 2న కేంద్ర సిబ్బంది శాఖ ఆ తీర్పుననుసరించి సూచనలు వెలువరించెను. ఇది మన సభ్యులందరు దాచుకొనదగిన సమాచారము. అయినను ఈ రక్షణ వసూలునకే గాని జీతమును సరిదిద్దుటకు కాదని మరువరాదు. వచ్చెడి నెలనుండి తగ్గునది తగ్గును.

‘కార్యోత్తర కన్కరెన్సు’ అని ఒక విచిత్రమైన ప్రాణి కలదు. పని ముగిసిన తరువాత అడుగు సమ్మతి. పరుగు పందెము ముగిసినది. ఇప్పుడు వచ్చి మాతో కూడ పరుగెత్తుమనుట. వరదలు, అంటువ్యాధులు వచ్చినప్పుడు అది తప్పదు. మార్చి నెలాఖరున మాత్రము ప్రతి శాఖలోను ఒక వరద వచ్చుచుండును.

సంప్రదింపునకును సమ్మతికిని ఉన్న ఎడము ఎంత పెద్దదో తెలియవలెనన్నచో న్యాయమూర్తుల నియామక చరిత్ర చూడవలెను. రాష్ట్రపతి సుప్రీంకోర్టు న్యాయమూర్తులను నియమించునప్పుడు భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదింపవలెనని రాజ్యాంగములోని 124వ అధికరణము చెప్పినది. రాజ్యాంగ సభలోనే, ఆ మాట చాలదు, ‘కన్కరెన్సు’ అని యుండవలెనని కొందరు పట్టుబట్టిరి. 1949 మే 24న డాక్టరు అంబేద్కరు దానికి ఒప్పుకొనలేదు. ప్రధాన న్యాయమూర్తి ఎంత ఉత్తముడైనను ఆయనయు మనవలె లోపములు, అభిమానములు గల మానవుడే యనియు, ఆయన సమ్మతి తప్పనిసరి చేయుట నిరోధాధికారము ఇచ్చుటయే యగుననియు వాదించెను. కనుక ఆ రెండు మాటల తేడా తెలిసియే ఒకదానిని తీసికొని రెండవదానిని విడిచిరి.

1977లో సంకల్‌చంద్ సేఠ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, సంప్రదింపు అనగా మొక్కుబడి కాదు, వివరములన్నియు ముందుంచి నిజముగా అభిప్రాయమడుగుట యని చెప్పెను. అయినను అది కన్కరెన్సు కాదనెను. 1981 డిసెంబరు 30న ఎస్. పి. గుప్తా వ్యాజ్యములో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో అధికసంఖ్యాకులు తుదిమాట ప్రభుత్వమునదే యనిరి. పండ్రెండేండ్లు తిరుగకముందే గాలి మారినది. 1993 అక్టోబరు 6న తొమ్మిదిమంది ధర్మాసనము పూర్వపు తీర్పును త్రోసి, నియామకములలో ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయమునకు ప్రాధాన్యము కలదనియు, ఆ అభిప్రాయము సీనియరు సహచరులతో కలిసి యేర్పరచుకొనునది కావలెననియు నిర్ణయించెను. 1998 అక్టోబరు 28న రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పుచు ఆ బృందమును ప్రధాన న్యాయమూర్తి, మరి నలుగురు సీనియరు న్యాయమూర్తులు అని స్థిరపరచెను. అదే కొలీజియము. రాజ్యాంగములో ఒక్క అక్షరమును మారలేదు. ‘సంప్రదింపు’ అను మాట అచ్చులో అట్లే యుండి, ఆచరణలో అంబేద్కరు వలదన్న మాట బలమును పొందినది.

తరువాత 99వ సవరణముచే నియామక కమిషను నేర్పరచగా, 2015 అక్టోబరు 16న నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా దానిని కొట్టివేసిరి. ఆ ఒక్కరు మన తెలుగువారగు జస్టిస్ జాస్తి చలమేశ్వర్. నా మట్టుకు నాకు, న్యాయస్థాన స్వాతంత్ర్యమునకు 1993 నాటి తీర్పు మేలే చేసినదని తోచును. మాటకు మాత్రము కొంత అన్యాయము చేసినది. ఈ రెండు వాక్యములను ఒకే నోట చెప్పుట తగదనువారు సభలో ఉండవచ్చును. వారు తమ తీర్పును వేరుగా వ్రాసికొందురు గాక.

ఉద్యోగుల విషయమున మాత్రము ‘సంప్రదింపు’ మీదికి ఎక్కలేదు, క్రిందికి దిగినది. క్రమశిక్షణ చర్యలలో పబ్లిక్ సర్వీస్ కమిషనును సంప్రదింపవలెనని 320వ అధికరణము చెప్పుచున్నది గదా యని ఒక ఉద్యోగి వాదింపగా, 1957లో మన్‌బోధన్‌లాల్ శ్రీవాస్తవ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, ఆ సంప్రదింపు జరుగకున్నంత మాత్రమున చర్య చెల్లకపోదనెను. ఒకే రాజ్యాంగము, ఒకే మాట. న్యాయమూర్తులకు వచ్చినప్పుడు సమ్మతియంత బరువు, గుమాస్తాకు వచ్చినప్పుడు తప్పినను చెల్లునంత తేలిక. ఇంతకన్న ఏమియు అనను.

రాష్ట్రముల సరిహద్దుల విషయమున మరింత పలుచని మాట వాడిరి. 3వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభ ‘అభిప్రాయముల’ కొరకు బిల్లును పంపవలెను. సమ్మతి కాదు, సంప్రదింపు అను మాట కూడ కాదు, అభిప్రాయములు. దానికి గడువు పెట్టు ఏర్పాటు 1955లో ఐదవ సవరణముచే వచ్చినది. బాబూలాల్ పరాటే వ్యాజ్యములో 1959లోనే ఆ అభిప్రాయములు పార్లమెంటును కట్టివేయవని సుప్రీంకోర్టు తేల్చినది. ఆ మాట బరువు మనవారికి 2014లో తెలిసినది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించుచు శాసనసభ జనవరి 30న మూజువాణి ఓటుతో తీర్మానించినది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించినవి. జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించినది. ఈ సభలో రెండు రాష్ట్రములవారమును ప్రక్కప్రక్కనే కూర్చుండియున్నాము. అది మంచిదా చెడ్డదా యన్నది నా ప్రసంగములో చేరదు. ఒకవేళ 3వ అధికరణములో ‘కన్కరెన్సు’ అని యుండినచో, 1953లో ఆంధ్రరాష్ట్రము వచ్చుటకు మదరాసు శాసనసభ సమ్మతియు కావలసి వచ్చెడిది. మాటకు ఇరువైపుల పదును కలదని చెప్పుట మాత్రమే నా యుద్దేశము.

ఈ రెండు మాటలను ఒకే అధికరణములో ప్రక్కప్రక్కన వాడిన చోటు 370. జమ్మూ కాశ్మీరు విషయమున విలీనపత్రములోని అంశములకు ఆ రాష్ట్ర ప్రభుత్వముతో సంప్రదింపు చాలును, తక్కినవానికి ఆ ప్రభుత్వపు కన్కరెన్సు కావలెను అని అందులో వ్రాసిరి. 1954 మే 14 నాటి ఉత్తర్వును ఆ కన్కరెన్సుతోనే జారీచేసిరి. 2019 ఆగస్టు 5 నాటి ఉత్తర్వులోను ఆ మాట ఉన్నది. అప్పుడక్కడ రాష్ట్రపతి పాలన ఉండెను గనుక, ఎన్నికైన ప్రభుత్వము లేనప్పుడు కన్కరెన్సు ఎవరిది అను ప్రశ్న పుట్టినది. 2023 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, రాజ్యాంగమంతయు ఆ రాష్ట్రమునకు వర్తింపజేయుటకు అట్టి కన్కరెన్సు అవసరమే లేదని చెప్పి, ప్రభుత్వ చర్యను సమర్థించెను.

‘కన్సెంటు’నకు మన రెండు రాష్ట్రములలోనే మంచి యుదాహరణ దొరకినది. 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టములోని 6వ సెక్షను ప్రకారము, సి. బి. ఐ. ఒక రాష్ట్రములో దర్యాప్తు చేయుటకు ఆ రాష్ట్రపు కన్సెంటు ఉండవలెను. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో తన సాధారణ సమ్మతిని ఉపసంహరించి 2019 జూన్‌లో మరల ఇచ్చినది. తెలంగాణ 2022 ఆగస్టులో ఉపసంహరించినది. ఇచ్చినదానిని తీసికొనవచ్చుననుట ఇందులోని విశేషము. ఒక ప్రతిపాదనపై కన్కరెన్సు ఇచ్చి, దానిపై పని జరిగిన పిదప వెనుకకు తీసికొనుట యనునది ఉండదు.

మరి వీనికన్నిటికి మన భాషలో ఏమనవలెను? ఇక్కడ మనకు రెండు చిక్కులున్నవి. మొదటిది, మనకు మాటలు లేకపోవుట కాదు, ఎక్కువగుట. సమ్మతి, అనుమతి, అంగీకారము, ఆమోదము, ఏకీభావము, ఒప్పుదల, ఒడంబడిక. పైగా ఉర్దూనుండి మంజూరు, రాజీ. అన్నిటిని అన్నిటికి వాడుచుందుము. అంగీకారమనగా తన అంగముగా చేసికొనుట. ఆమోదమనగా సంస్కృతమున పరిమళము, సంతోషము. ఇంత సువాసనగల మాట తెలుగులో ఆఫీసు ముద్రగా మారినది. ఏకీభావమనగా ఒక్కటియగుట, అది కన్కరెన్సునకు దగ్గర గాని, కన్కర్ చేయువారు ఒక్కటి కారు, ఇద్దరుగానే యుందురు.

రెండవ చిక్కు ఉత్తరదేశమున ఉద్యోగము చేయు మనకు ప్రత్యేకము. హిందీ వారి పరిభాషలో కన్కరెన్సు ‘సహమతి’, కన్సెంటు ‘సమ్మతి’, కన్సల్టేషను ‘పరామర్శ్’. రాష్ట్రపతి బిల్లులకు ఇచ్చు అసెంటు ‘అనుమతి’. తెలుగువాడు అనుమతి యనగా సెలవుచీటీపై సంతకమనుకొనును. పరామర్శ యనగా ఎవరింటనో కష్టము వచ్చినప్పుడు పోయి పలుకరించుట. ‘ఆర్థికశాఖను పరామర్శించితిమి’ అని వ్రాసినచో పాపమాశాఖకు ఏమైనదో యని చదువరి కంగారుపడును! ఇక ‘ఆమోద్ ప్రమోద్’ అనగా వారికి ఆటపాటలు. మనము ఆమోదము కొరకు ఫైలు పంపితిమన్నచో వినోదమునకు పంపితిమని తలంతురు.

ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము 1966లో వచ్చినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన అధికారభాషా సంఘము ఏర్పడినది. పదములను కూర్చుటలో ఆ తరమువారు పడిన శ్రమ తక్కువది కాదు. నాకు తోచినది చెప్పెదను. కన్సెంటునకు ‘ఒప్పుదల’ అనుట చక్కగా నుండును. అచ్చతెలుగు, అడిగినవానికిని ఇచ్చినవానికిని తెలియును. కన్సల్టేషనునకు ‘సంప్రదింపు’ స్థిరపడినది, కదపవలదు. అప్రూవల్ ‘ఆమోదము’, శాంక్షను ‘మంజూరు’. కన్కరెన్సునకు ‘సహమతి’ అనుటకు నాకు అభ్యంతరము లేదు. హిందీనుండి వచ్చినదని కినుక వహింపనక్కరలేదు, సంస్కృతము అందరి పెరటిలోని చెట్టు. మాట ఏదైనను ఒక ఫైలులో ఒకదానికి ఒకే మాట ఉండవలెను. పునరుక్తి దోషమని మన పండితులు నేర్పిన పాఠము కావ్యములకు. ఉత్తర్వులో పర్యాయపదము ప్రమాదకరము.

‘మౌనము సమ్మతిలక్షణము’ అని సంస్కృతమున ఒక నానుడి. తెలుగువారు దానిని సగమునకు తగ్గించి ‘మౌనము అర్ధాంగీకారము’ అనిరి. సగమునకు తగ్గించుటలో ఎంత వివేకమున్నదో ఇటీవల తెలిసినది. తమిళనాడు గవర్నరు వద్ద నిలిచిన పది బిల్లులు అసెంటు పొందినట్లే భావింపవలెనని 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాష్ట్రపతి సలహా కోరగా, 2025 నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తులు, పొందినట్లు భావించు అసెంటు అనునది రాజ్యాంగమున లేదనియు, అయినను గవర్నరు అంతులేకుండ ఊరకుండుట తగదనియు అభిప్రాయమిచ్చిరి. అనగా మౌనము సమ్మతి కాదు, తిరస్కారమును కాదు. ఆర్థికశాఖలో ఫైలు ఆరునెలలున్నది గనుక కన్కరెన్సు వచ్చినట్లేయని వాదింపదలచిన యువకులు ఈ అభిప్రాయమును ఒకసారి చదువుకొనవలెను.

సోదరీమణులు ఇంతసేపు ఓర్పుతో వినిరి. వారి విషయమొకటి చెప్పి ముగించెదను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ఒప్పుదలకు చక్కని లక్షణము చెప్పినది: ఇద్దరును ఒకే సంగతికి, ఒకే అర్థములో ఒప్పుకొనవలెను. బలవంతము, అనుచిత ప్రాబల్యము, మోసము, తప్పుడు మాట, పొరపాటు వీనివలన వచ్చినది స్వేచ్ఛగా ఇచ్చినది కాదు. ఎద్దులు కొనుటకు మనకు 1872నుండి ఈ లక్షణము వర్తించుచున్నది. 1955లో హిందూ వివాహ చట్టము వచ్చినప్పుడు వధువునకు 15 ఏండ్లు నిండిన చాలుననిరి. 18 నిండని వధువు విషయమున ఒప్పుదల కావలెననియు వ్రాసిరి. ఎవరి ఒప్పుదల? ఆమె సంరక్షకునిది. తండ్రి, తల్లి, తాత, అన్న అని ఆ సంరక్షకుల వరుసయు చట్టములోనే చెప్పిరి. వధువు ఒప్పుదలను ఆ ఖండము అడుగలేదు. ‘కన్యాశుల్కము’ వెలువడిన 1897నుండి లెక్కించినచో అప్పటికి 58 ఏండ్లు. వధువు వయస్సును 18కి పెంచుచు ఆ ఖండమును 1978లో తొలగించిరి.

మన యిండ్లలో పెండ్లిచూపులైన తరువాత అమ్మాయిని “ఏమమ్మా, నీకు సమ్మతమేనా?” అని అడుగుచున్నాము. అడుగుటకు ముందే వియ్యాలవారికి కబురు పంపినచో అది సంప్రదింపు కూడ కాదు, కార్యోత్తరమే. ఆ పిల్ల తల వంచుకొని ఊరకున్నచో ఏమని అర్థము చేసికొనవలెనో ఇందాక న్యాయమూర్తుల మాటగా మనవి చేసియున్నాను.

సెలవు.